కరివేపాకు పాదులో పొలుసు

నా చెయ్యి మామూలు చెయ్యి కాదు. ఈ మాట నా అంతట నేను చెప్పుకోవడం బాగుండదు. కానీ చెప్పేవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోవడంతో ఆ పని కూడా నా మీదే పడింది. ఒక శ్రావణమాసంలో మా పెదబావగారు మా పెరట్లో చేతికర్ర మర్చిపోయారు. పడిపోకుండా నేను దాన్ని కాస్త లోతుగా గుచ్చాను. మూడో వారానికి చిగురు వేసింది. నాలుగో ఏటికి దాని నీడలో మడతకుర్చీ వేసుకుని పెదబావగారే పేపరు చదువుకున్నారు. ఆ కర్ర అల్యూమినియందని మా ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది. అయితే ఏమైంది, చెయ్యి అలాంటిది అంటాను నేను.

మా ఊరు భీమవరానికి ఆరు మైళ్ళు. ఇక్కడ ఎవరింట్లో కొబ్బరి మొక్క పాతాలన్నా, నిమ్మ అంటు వెయ్యాలన్నా, "హనుమంతరాజుగారి చెయ్యి పడితే చాలండి" అని కబురు పెడతారు. నేను వెళ్తాను. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుంటాను. మొక్కను గోతిలో దించి, మూడు గుప్పిళ్ళ మట్టి వేసి, బొటనవేలితో మొదలు అదిమి, లేచి కాఫీ తాగుతాను. గొయ్యి తవ్వేవాళ్ళు వేరే ఉంటారు. నీళ్ళు పోసేవాళ్ళు వేరే ఉంటారు. బతికితే నా చెయ్యి. చస్తే నీళ్ళు పోసినవాళ్ళ అశ్రద్ధ. యాభై ఏళ్ళుగా ఈ ఏర్పాటు మీదే నా పేరు నిలబడింది.

పోయిన ఆషాఢంలో హైమ తోటలో పదకొండు కరివేపాకు మొక్కలు నేను పాతింది కూడా ఈ చేత్తోనే.

హైమ మా పెదనాన్నగారి మనవడు శ్రీనివాసరాజు కూతురు. వరసకు నాకు మనవరాలు. శ్రీనివాసరాజుకు రొయ్యల చెరువులున్నాయి. హైమ ఇంజనీరింగ్ చదివి, రాజమండ్రిలో రెండేళ్ళు ఉద్యోగం చేసి, ఒకరోజు బ్యాగుతో దిగి, "నాన్నా, ఇంటి వెనక అరెకరం చెరువు నాకిచ్చెయ్యండి, ఎండగట్టి తోట వేస్తాను" అంది. అప్పటికి ఆ పిల్ల చేప, మాంసం మానేసి చాలాకాలమైంది. తర్వాత పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసింది. దాన్ని వీగన్ అంటారట. శ్రీనివాసరాజు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు ట్రాక్టర్లు మాట్లాడాడు. కూతురంటే అంత.

చెరువు నీళ్ళు తోడించి, గట్లు విరగ్గొట్టించి, రెండు వానాకాలాలు ఆ నేలలోని ఉప్పు కడగనిచ్చి, హైమ తోట వేసింది. తోటకూర, గోంగూర, బెండ, బీర, వంగ. గేటు దగ్గర ఆకుపచ్చ బోర్డు పెట్టింది: "ఈ తోటలో ఏ ప్రాణి నుంచి వచ్చిన ఎరువూ వాడము." పేడ లేదు, గొర్రె ఎరువు లేదు, ఎముకల పొడి లేదు. జీలుగ, పిల్లిపెసర చల్లి, పూతకు రాగానే కోసి మట్టిలో కలిపేది. వేపపిండి, ఆముదప్పిండి, బియ్యం కడిగిన నీళ్ళు. ప్రకృతి వ్యవసాయం నేర్పే సురేష్‌బాబు పేడ, ఆవు పంచకం కలిపిన డ్రమ్ము ఆటోలో వేసుకొస్తే, అతనికి నిమ్మకాయ నీళ్ళిచ్చి, డ్రమ్మును అదే ఆటోలో వెనక్కి పంపింది.

"మరి ఈ మట్టిలో వానపాములున్నాయి కదమ్మా, వాటి సంగతేంటి?" అన్నాను నేను.

"అవి వాటి ఇష్టం కొద్దీ ఉంటున్నాయి తాతగారూ."

"ఇష్టమని నీతో చెప్పాయా? వారానికి ఒకరోజు సెలవైనా ఇస్తున్నావా?"

"మీకు మాత్రం రోజూ సెలవే కదండీ," అని నవ్వేసింది. నా వేళాకోళానికి కోపం తెచ్చుకోని పిల్ల. భీమవరం, రాజమండ్రి అపార్టుమెంట్లలో నూట ఇరవై కుటుంబాలు ఆ పిల్లను నమ్మి కూరలు తెప్పించుకునేవి.

ఆ తోటలో పని చేసే మనిషి వీరదుర్గ. నలభై అయిదేళ్ళుంటాయి. తెల్లవారింది మొదలు ఎనిమిదిన్నర దాకా మా ఊరి చేపల రేకుల షెడ్డులో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసేది. బొచ్చె అయినా, కొర్రమీను అయినా, చేతికి బూడిద రాసుకుని తోక పట్టుకుందంటే ఇక జారేది కాదు. తొమ్మిదింటికి తోటకొచ్చేది. మోటారు గది వెనక స్నానం చేసి, చేతులకు నిమ్మాకు రుద్దుకుని, గోడ మేకుకున్న రెండో చీర కట్టుకుని, అప్పుడు మడుల్లోకి దిగేది. అది హైమ పెట్టిన పద్ధతి. వీరదుర్గ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఆవిడకు మోకాళ్ళు అరిగిపోయాయి. కత్తిపీట ముందు ఇంకో ఏడాదికి మించి కూర్చోలేనని డాక్టరు చెప్పాడు. తోట పని నిలబడితే షెడ్డు మానెయ్యాలని ఆవిడ ఆశ. ఆ సంగతి హైమకు తెలుసు, నాకు తెలుసు.

కరివేపాకు దగ్గరకు వద్దాం. పాతిన ఆరు నెలలకు కూడా మొక్కలు మోకాలెత్తు దాటలేదు. ఆకులు ముసలాడి గోళ్ళలా పసుపెక్కాయి. వీరదుర్గ చుట్టూ తవ్వి చూసింది, వేపపిండి వేసింది, బియ్యం కడుగు పోసింది. "రాజుగారి చెయ్యి పడిన మొక్కలండీ, ఎందుకు లేవట్లేదో," అని నా వైపు చూసింది. ఆ చూపులో ఏమీ లేదు. ఉన్నట్టు నాకు అనిపించింది. ఊళ్ళో కూడా, "ఏంటి బాబాయ్, చెయ్యి పాతబడిందా?" అనడం మొదలుపెట్టారు.

మాఘమాసం వెళ్ళేసరికి మొక్కలు తిరగబడ్డాయి. ఒక్కో కొమ్మకీ నాలుగేసి చిగుళ్ళు, నల్లగా నిగనిగలాడే ఆకు. దగ్గరికి వెళ్తే చాలు వాసన. "చూశావా?" అని పదిమందితో అన్నాను. హైమ ఫోనులో ఫొటోలు తీసి కూరలు తెప్పించుకునే వాళ్ళందరికీ పంపింది. ఆదివారం ఒక పాతిక కుటుంబాలు తోట చూడ్డానికి వస్తామన్నాయి.

వాళ్ళ కోసం బుధవారం పొద్దున్న హైమ వీడియో తీసుకుంటోంది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో కరివేపాకు మొదట్లో పరిచిన ఎండు గడ్డిని పక్కకు తీస్తూ, "చూడండి, ఇది మన మట్టి," అంటోంది. అక్కడ ఆగిపోయింది.

మట్టిలో ఏదో మెరిసింది. గోరంత. హైమ దాన్ని వేలి కొసకు అంటించుకుని వెలుతురులో పెట్టి చూసింది. పొలుసు. చేప పొలుసు. పక్కన ఇంకొకటి, ఆ పక్కన నాలుగు. రెండో పాదు గడ్డి తీసింది. మూడోది తీసింది. పదకొండు పాదుల్లోనూ ఉన్నాయి. వంగి వాసన చూసింది. ఆ వాసన తగలగానే తనకు కళ్ళు తిరిగాయని తర్వాత నాతో చెప్పింది.

వీరదుర్గ అప్పుడే చీర మార్చుకుని, తల తుడుచుకుంటూ మోటారు గది వెనక నుంచి వస్తోంది.

"ఇదేంటి దుర్గమ్మా?"

వీరదుర్గ హైమ వేలు చూసింది. పాదులు చూసింది. తల ఎత్తి, గట్టు మీద స్టూలేసుకుని కూర్చున్న నన్ను చూసింది. లెక్కపెట్టుకుంటే రెండు క్షణాలు. నేను కొబ్బరిచెట్టు మీద కాకిని చూస్తున్నాను.

"నేను పోయలేదండి," అంది.

"మరి ఎవరు పోస్తారు? ఈ తోటలోకి నీసు చెయ్యి పెట్టుకుని వచ్చేది ఎవరు?"

ఆ మాట అన్నాక హైమకే బాగనిపించలేదు. మొహం చూస్తే తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. "నూట ఇరవై ఇళ్ళవాళ్ళతో నేను అబద్ధం ఆడినట్టు కదా దుర్గమ్మా. మొక్కలు చస్తే చచ్చేవి. నాతో ఒక్క మాట చెప్పాల్సింది. రేపటినుంచి రావద్దు."

వీరదుర్గ మోటారు గది వెనక్కి వెళ్ళి మళ్ళీ పాత చీర కట్టుకుంది. తోటకని హైమ ఇచ్చిన చీరను తడి పిండి, అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టి, మేకు కింద అరుగు మీద ఉంచింది. కొడవలి కడిగి చూరులో దోపింది. గేటు దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగినప్పుడు మోకాలు పట్టేసింది కాబోలు, బోర్డు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత వెళ్ళిపోయింది.

ఇప్పుడు చెప్తాను. ఆ నీళ్ళు పోసింది నేను.

జనవరి ఆఖరు నుంచి రోజూ పొద్దున్నే అయిదు లీటర్ల నూనె డబ్బా పట్టుకుని షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. "వీరదుర్గా, మా మునగచెట్టుకు చేపలు కడిగిన నీళ్ళు కాస్త పొయ్యవే," అనేవాణ్ణి. ఆవిడ పోసేది. నేను హైమ లేవకముందే దొడ్డిదారిన తోటలోకి వెళ్ళి, ఎండు గడ్డి తీసి, పాదుకింత పోసి, గడ్డి కప్పేసేవాణ్ణి. మా ఇంట్లో మునగచెట్టు గాలివానకు పడిపోయి ఆరేళ్ళయింది.

నా చెయ్యి మంచిదని మొదట్లో మీతో అన్నాను కదా. యాభై ఏళ్ళలో నేను పాతిన మొక్కలన్నీ లేవడానికి కారణం ఇలాంటి నీళ్ళే. మా అమ్మ ఆనపపాదుకు చేపలు కడిగిన నీళ్ళు పోసేది. మా వదిన కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోసేది. ఇళ్ళలో ఆడవాళ్ళు నేను కాఫీ తాగి వెళ్ళాక ఏదో ఒకటి తెచ్చి పోస్తూనే ఉండేవారు. నేను మూడు గుప్పిళ్ళ మట్టి వేసి పేరు పట్టుకుపోయేవాణ్ణి. ఇది నాకు ఎప్పటినుంచో తెలుసు. పెదబావగారి చేతికర్ర కూడా అల్యూమినియమే, మా ఆవిడ మాటే నిజం. అది చిగురెయ్యలేదు. దాని మీద బీరతీగ ఎక్కింది.

గురువారం పొద్దున్న లేచి, మొహం కడుక్కుని, డబ్బా పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. చెప్పేద్దామని వెళ్ళానని రాసుకుంటే నాకు గౌరవంగా ఉంటుంది. కాళ్ళు అలవాటు కొద్దీ తీసుకెళ్ళాయి. షెడ్డు ముందు నిలబడ్డాక గాని నా చేతిలో డబ్బా ఉందని చూసుకోలేదు.

వీరదుర్గ శీలావతి చేపకు పొలుసు తీస్తోంది. కత్తిని తోక నుంచి తలవైపు లాగినప్పుడల్లా పొలుసులు ఎగిరి ఆవిడ ముంజేతుల మీద అంటుకుంటున్నాయి. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. ఆ చేప ముక్కలు చేసి, సంచిలో వేసి కొన్నవాళ్ళకిచ్చి, లేచి, బేసినులో నీళ్ళు నా డబ్బాలో నిండా పోసి, మూత బిగించి, నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"మునగచెట్టు ఎలా ఉందండీ రాజుగారూ?"

"బాగుంది," అన్నాను.

"కాయలు వస్తే రెండు పంపించండి."

నా నోటికి ఎప్పుడూ కథలు కరువు లేదు. ఆ పూట కూడా ఏదో అందుకున్నాను. ఒకప్పుడు ఉప్పుటేరులో దొరికిన పండుగప్ప ఎంత పెద్దదంటే, దాని పొలుసులు పళ్ళేలుగా పెట్టుకుని పెళ్ళివారు భోంచేశారని. పక్కన రొయ్యలు వలుస్తున్న పాపాయి పడీపడీ నవ్వింది. వీరదుర్గ ఇంకో చేప తీసుకుంది. నేను డబ్బా మోసుకుంటూ ఇంటికొచ్చి, పొయ్యడానికి చెట్టు లేక దాన్ని కాలవలో ఒంపేశాను.

శుక్రవారం హైమ దగ్గరికి వెళ్ళాను. ఈసారి చెప్పాలనే వెళ్ళాను. ఒక్కత్తే బెండ మడిలో కలుపు తీస్తోంది. అలవాటు లేని చేతులు, వేళ్ళకు బొబ్బలెక్కాయి. అరుగు మీద మడతపెట్టిన చీర అలాగే ఉంది.

"అమ్మా హైమా, మా చిన్నప్పుడు ఈ ఊళ్ళో మంద కట్టించేవారు తెలుసా?" అని మొదలుపెట్టాను. మనసులో మాట దగ్గరికి చుట్టుతిరిగి వెళ్ళడం నా పద్ధతి.

"అంటే ఏంటి తాతగారూ?"

చెప్పాను. మాగాణి కోతలయ్యాక మెట్ట ఊళ్ళ నుంచి గొర్రెలవాళ్ళు మందలు తోలుకొచ్చేవారు. మూడొందలు, నాలుగొందల గొర్రెలు. ఈ రోజు మా చేలో, ఎల్లుండి పక్కవాళ్ళ చేలో పడుకోబెట్టేవారు. వాటి పెంటికలే ఎరువు. గొర్రెలవాళ్ళకు మా ఇంట్లోంచి అన్నం, ఆవకాయ, మజ్జిగ వెళ్ళేవి. కేరేజీ నేనే పట్టుకెళ్ళేవాణ్ణి. మందలోకి వెళ్తే వెచ్చగా ఉండేది. ఉన్ని వాసన, పాల వాసన, ఎండిన మట్టి వాసన. ఓ గొర్రెపిల్ల నా లాగు అంచు నోట్లో పెట్టుకుని వదిలేది కాదు. ఆ ఏడు తొలకరికి మా చేలో నారు నల్లగా లేచేది. మా నాన్నగారు గట్టు మీద నిలబడి, చేతులు వెనక కట్టుకుని చూసేవారు. ఎవరినీ కొట్టలేదు, కొయ్యలేదు. గొర్రెలు పడుకున్నాయి, లేచాయి, వెళ్ళాయి. అందులో తప్పేముందమ్మా?

హైమ కలుపు తియ్యడం ఆపి విన్నది. "బాగుంది తాతగారూ, చూడాలనిపిస్తోంది," అంది. తర్వాత, "చివరికి వాటిని ఎక్కడికి తోలుకెళ్ళేవారు?" అంది.

ఈ డెబ్భై ఆరేళ్ళలో ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు.

"నాకు పదకొండేళ్ళప్పుడు ఒకసారి కరెంటు పోయింది," అంది హైమ, మట్టి చేతులు చూసుకుంటూ. "ఇక్కడే, ఈ చెరువులోనే. గాలి కొట్టే చక్రాలు ఆగిపోయాయి. జనరేటరు పట్టలేదు. తెల్లారి నేను వచ్చి చూస్తే గట్టు చుట్టూ రొయ్యలు, తలలు పైకి పెట్టి, నీళ్ళ అంచున. కొన్నింటికి మీసాలు ఇంకా కదులుతున్నాయి. నాన్న ఇక్కడ కూర్చుని ఏడ్చారు. వచ్చినవాళ్ళందరూ ఎంత పోయిందని అడిగారు. అందరూ అదే అడిగారు తాతగారూ. నేను కూడా."

కలుపు గడ్డి విదిలించి గంపలో వేసింది.

"ఈ ఒక్క చెరువునైనా ఆపాను. అందుకే దుర్గమ్మ చేసింది నాకు మింగుడు పడట్లేదు. ఆవిడకు తెలుసు కదా."

నేను పోశానని అప్పుడు అనాల్సింది. మాట పెదవుల దాకా వచ్చింది. "ఎండ ఎక్కుతోంది, లోపలికి పో అమ్మా," అన్నాను. అదీ నా ధైర్యం.

శనివారం పొద్దున్న ఏడింటికి హైమ మా ఇంటి ముందు స్కూటీ ఆపింది. ముందు బుట్టలో మడతపెట్టిన చీర. "తాతగారూ, నాతో షెడ్డుకు వస్తారా? ఒక్కదాన్నే ఆ వీధిలోకి వెళ్ళలేను. ఎందుకు చేసిందో ఒక్కమాట చెప్తే చాలు, మళ్ళీ రమ్మంటాను. రేపు అంతమంది వస్తున్నారు." వెనక ఎక్కి కూర్చున్నాను. ఈసారి నా చేతిలో డబ్బా లేదు, కానీ ఉన్నంత బరువుగా ఉంది.

హైమ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని షెడ్డులోకి వచ్చింది. బేరాలాడుతున్నవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. వీరదుర్గ పీట మీద నుంచి లేవబోయి, మోకాలు సహకరించక మళ్ళీ కూర్చుంది.

"ఇదిగో దుర్గమ్మా, నీ చీర."

"అది తోట చీర కదండి. నాది కాదు."

"ఎందుకు పోశావో చెప్పు, చాలు. నేనేమీ అనను."

వీరదుర్గ కత్తిపీట పక్కకు తిప్పింది. బూడిద చేతులు గోనెగుడ్డకు తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"అమ్మాయిగారూ, ఆ చెరువు ఎండగట్టినప్పుడు అడుగు మట్టి ఎత్తి తోటంతా పరిచింది ఎవరండీ? నేనూ, ఇంకో ఆరుగురం. పదిహేను రోజులు తట్టలతో మోశాం. ఆ మట్టిలో రొయ్య పెంకులు, మీసాలు నా అరికాళ్ళకు గుచ్చుకునేవండి. మీ నాన్నగారు ఏళ్ళ తరబడి వేసిన మేత, చచ్చిన రొయ్యలు, అన్నీ అందులోనే కదండీ కుళ్ళింది. మీ తోటకూర ఆ బలం మీదే లేచిందండి. మీరు కూడా చూశారు, గట్టు మీద నిలబడి. దాన్ని మీరు మట్టి అన్నారు. నేను నీసు చెయ్యినయ్యాను."

ఐసు కరిగి తూములోకి కారుతోంది. హైమ చున్నీ ముక్కు మీద నుంచి దానంతట అదే జారింది. మళ్ళీ సర్దుకోలేదు.

"చెయ్యని పనికి ఒప్పుకుంటే వచ్చే కొలువు నాకొద్దండి," అంది వీరదుర్గ.

"పోసింది నేను," అన్నాను.

హైమ ఇటు తిరిగింది. ఇక ఆగలేదు. డబ్బా సంగతి, దొడ్డిదారి సంగతి, మునగచెట్టు సంగతి, నా చెయ్యి సంగతి అన్నీ చెప్పేశాను. రొయ్యలు వలిచే పాపాయి కూడా విన్నది. సాయంత్రానికి ఊరంతా వింటుందని తెలుసు.

"తాతగారూ," అంది హైమ.

"నాకు ఆ రోజే తెలుసండి," అంది వీరదుర్గ నాతో. "ఈ షెడ్డులో నీళ్ళు అడిగి పట్టుకెళ్ళేది మీరొక్కరే. మీరే చెప్తారని చూశాను. గురువారం డబ్బా పట్టుకుని వస్తే చెప్పడానికే వచ్చారనుకున్నాను. పండుగప్ప కథ చెప్పి వెళ్ళారు."

అని నవ్వింది. ముందు పెదవి కొరుక్కుంది, తర్వాత ఆపుకోలేక, తల వెనక్కి వాల్చి, మోచేత్తో నుదుటి మీది వెంట్రుకలు తోసుకుంటూ, "మీ చెయ్యి మంచిదేనండి రాజుగారూ, నోరే కాస్త ఆలస్యం," అంది. షెడ్డంతా నవ్వింది. నా గుండెల మీద బరువు దిగిపోయింది.

"రేపు తోటకు వస్తావా దుర్గమ్మా?" అంది హైమ.

"రేపు ఆదివారం కదండి. షెడ్డులో చచ్చేంత బేరం. చూద్దాం." కత్తిపీట మళ్ళీ తనవైపు తిప్పుకుంది.

ఆదివారం తొమ్మిదింటికి కార్లు వచ్చాయి. పిల్లలు బీరపందిరి కింద పరుగులు పెట్టారు. హైమ అందరినీ కరివేపాకు వరస దగ్గర నిలబెట్టి మొత్తం చెప్పింది. బోర్డు మీద రాసినదానికీ ఈ పాదుల్లో ఉన్నదానికీ తేడా చెప్పింది. ఈ తోట మొత్తం ఒకప్పటి రొయ్యల చెరువని, ఈ మట్టి ఆ చెరువు అడుగుదని, అది తనకు తెలిసినా తెలియనట్టే ఉన్నానని చెప్పింది. తెలియక చేసిన తప్పని ఒక్కసారి కూడా అనలేదు. నా పేరు చెప్పకుండా "ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు" అంది. "ఆ పెద్దవాణ్ణి నేనేనండి," అని చెయ్యెత్తాను.

"అయితే ఇవి వీగన్ కూరలా, కాదా?" అని ఉదయ్‌భాస్కర్ అనే రాజమండ్రి ఆయన నిలదీశాడు. బ్యాంకులో ఆఫీసరట.

"నాకు తెలియదండి," అంది హైమ. "ఇక నుంచి ఏం వేసినా మీకు చెప్పి వేస్తాను. ఈ మట్టిని మాత్రం మార్చలేను. పారెయ్యాలంటే కూడా ఎక్కడ పారెయ్యను? ఎక్కడ పారేసినా అక్కడా మట్టే కదా."

ఆయన భార్యను, పిల్లలను కారెక్కించుకుని వెళ్ళిపోయాడు. ఇంకో నాలుగు కార్లు కదిలాయి. ఉన్నవాళ్ళలో ఒక పెద్దావిడ కరివేపాకు రెబ్బ తుంచి, నలిపి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. "మా అమ్మ పెరట్లో ఇలా ఉండేదర్రా," అంది. ఆ రెబ్బను పారెయ్యలేదు, తిననూ లేదు. కొంగున ముడేసుకుంది.

పన్నెండు దాటాక, అందరూ వెళ్ళిపోయాక, గేటు చప్పుడైంది. వీరదుర్గ. షెడ్డు నుంచి నేరుగా వచ్చింది. ముంజేతుల మీద ఇంకా పొలుసులున్నాయి. మోటారు గది వెనక్కి వెళ్ళలేదు. మేకు వైపు చూడలేదు. చూరులో ఉన్న కొడవలి తీసుకుని, అదే చీరతో, అవే చేతులతో, సగంలో ఆగిపోయిన బెండ మడిలో కూర్చుని కలుపు తియ్యడం మొదలుపెట్టింది. మోకాలి కింద గోనెపట్టా మడిచి పెట్టుకుంది.

హైమ ఆ చేతుల వైపు చూసింది. వెళ్ళి ఎదురుగా కూర్చుని, రెండో వైపు నుంచి కలుపు తియ్యసాగింది. మడి మధ్యలో కలుసుకున్నప్పుడు, "ఆ షెడ్డు ఎప్పుడు మానేస్తావు దుర్గమ్మా?" అని హైమ అడిగింది. "మీరు ఆ చీర మేకు పీకించిన రోజునండి," అంది వీరదుర్గ. మేకు పీకింది నేను. సుత్తి లేక రాయి పెట్టి కొడితే గోడ పెచ్చు కూడా ఊడొచ్చింది.

ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. పండుగప్ప పొలుసుల్లో పెళ్ళిభోజనం సంగతి మీరు ఎలాగూ నమ్మలేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. కల్పించింది ఒక్కటే. శనివారం షెడ్డులో వీరదుర్గ నవ్విందని రాశాను, తల వెనక్కి వాల్చి. నా చెయ్యి మంచిదే అందని కూడా రాశాను. ఆవిడ నవ్వలేదు. ఆ మాటా అనలేదు. పండుగప్ప కథ చెప్పి వెళ్ళారు అని, కత్తి కడుక్కుని, నా భుజం మీదుగా చూసి, "తర్వాతెవరండీ?" అంది.

ఇప్పుడు రోజూ తోటకు వెళ్తున్నాను. నేను మొక్కను గోతిలో దించడానికి వంగితే, వీరదుర్గ గునపం నా ముందు పెట్టి వెళ్ళిపోతుంది. గొయ్యి కూడా నేనే తవ్వుకుంటున్నాను.